ఫిట్టరు బతికిన పుస్తకం

మా బావ రాసిన పుస్తకాలు నలభై రెండు. ఒక్కదాని అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. సినిమా బొమ్మ, సినిమా పేరు, కింద చిన్నక్షరాల్లో 'చలనచిత్రానికి నవలారూపం' అని ఉంటుంది, అంతే. అన్నీ ఒకే రకం సినిమాలు. అంతరిక్షంలో ఓడ, ఓడలో ఏడెనిమిది మంది మనుషులు, ఎక్కడినుంచో ఎక్కిన ఒక జంతువు. ఆఖరికి ఒకరో ఇద్దరో మిగులుతారు. మా ప్రచురణ ఆఫీసులో అందరూ ఆయన్ని గ్రహాంతరం గారు అంటారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నేను అక్కడే ప్రూఫులు దిద్దుతాను, ఒళ్ళు మండడం నా ఉద్యోగంలో భాగం.

సినిమా విడుదలయ్యే రోజుకే పుస్తకం దుకాణాల్లో ఉండాలి. కాబట్టి అక్కడ సినిమా తీస్తుండగానే ఇక్కడ నవల రాయాలి. కంపెనీ వాళ్ళు స్క్రిప్టు పంపుతారు, సినిమా చూపించరు. ఆ స్క్రిప్టులో జంతువు గురించి 'అది బయటికి వస్తుంది, భయంకరంగా ఉంటుంది' అని రెండు ముక్కలుంటాయి. ఆ రెండు ముక్కల్లోంచి బావ నాలుగు పేజీలు పిండాలి. ఒకసారి ఎనిమిది కాళ్ళు పెట్టాడు. తీరా సినిమా వస్తే దానికి కాళ్ళే లేవు, రెక్కలున్నాయి. మీ రచయితకి లెక్కలు రావా అని పాఠకులు ఉత్తరాల్లో దులిపేశారు. సినిమా హాల్లోంచి వెళ్ళిపోయిన వారానికి పుస్తకం కూడా వెళ్ళిపోతుంది. ఈ రకం పుస్తకాలకి రెండో ముద్రణ ఉండదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కదానికీ లేదు.

ఇంకో సంగతి. స్క్రిప్టు తెల్ల కాగితాల మీద వస్తుంది. మధ్యలో వాళ్ళు కథ మార్చుకుంటే, మారిన పేజీలు పసుపు కాగితాల మీద వస్తాయి. తెల్లవి తీసేసి పసుపువి పెట్టుకుని ఆ భాగం మళ్ళీ రాయాలి. ఎందుకు మార్చారని అడిగే హక్కు రాసేవాడికి లేదు.

మా అక్క నీళ్ళ సరఫరా పంపుహౌస్‌లో ఫిట్టరు. పానాతో పైపు మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, లోపల ఏం జరుగుతోందో చెప్పేది. బావకి గోడకి మేకు కొట్టడం కూడా రాదు. ఆయన ఓడల్లో ఉన్న పైపులన్నీ అక్క వేసినవే. రాసిన ప్రతి అధ్యాయం ఆయన ఆవిడకి చదివి వినిపించేవాడు. వాల్వు తప్పు తిప్పితే ఆవిడ అక్కడే ఆపేది. సాహిత్యం సంగతి ఆవిడకి పట్టేది కాదు.

"మీ సినిమాల్లో ఫిట్టర్ని ఒంటరిగా పంపుతారెందుకు?" అని ప్రతిసారీ అడిగేది. "మా దగ్గర ఒకరు లోపలికి దిగితే బయట మూత దగ్గర ఒకరుండాల్సిందే. లేకపోతే దిగనివ్వరు."

"ఇద్దర్ని పంపితే జంతువుకి మొహమాటంగా ఉంటుంది," అనేవాడు బావ.

ఆ సినిమాల్లో ఫిట్టరనేవాడు చావడానికే ఓడెక్కుతాడు. ఇరవయ్యో పేజీ దాటడు. నలభై ఒక్క పుస్తకాల్లో ముప్ఫై ఎనిమిది మంది ఫిట్టర్లు పోయారు. మిగతా మూడింట్లో అసలు ఫిట్టరే లేడు.

మొదటి ప్రతి ఎప్పుడూ అక్కదే. బైండరు మొదట కుట్టిన పుస్తకాన్ని అంచులు కోయకుండా నా చేతిలో పెడతాడు, నేను తీసుకెళ్ళి అక్కకి ఇస్తాను. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు కానీ ఒక్కసారీ తప్పలేదు. గరుకు అంచులతో ఆ పుస్తకాలన్నీ అక్క గదిలో ఒక అర మీద వరసగా ఉంటాయి.

పంపుహౌస్‌లో పాత పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ పీచు చుట్టి ఉండేది. అక్క ఇరవై ఏళ్ళు ఆ పీచు ఊడదీసింది, మళ్ళీ చుట్టింది. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టరు బావని వరండాలోకి పిలిచి ఆరు నెలలన్నాడు. బావ గదిలోకి వచ్చి, "టైము పడుతుందట గానీ తగ్గుతుందట," అన్నాడు. ఆ మనిషి నలభై ఒక్క పుస్తకాలు అబద్ధాలు రాశాడు, ఆ ఒక్క అబద్ధం మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాడు. అక్క మాత్రం నమ్మినట్టే తల ఊపింది.

ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ పెట్టారు. మొదటి రోజే అక్క దాని వాషరు అరిగిందని కనిపెట్టి, మార్చేదాకా కంపెనీ మనిషిని వెళ్ళనివ్వలేదు. గొంతు తగ్గిపోయాక చిన్న పానా ఒకటి దిండు పక్కన పెట్టుకుంది. సిలిండర్ మీద రెండుసార్లు కొడితే పక్క గదిలోంచి బావ వచ్చేవాడు.

నలభై రెండో స్క్రిప్టు అప్పుడొచ్చింది. అందులో ఫిట్టరు ఆడమనిషి. పైగా చావదు. ఓడలో అందరూ పోయి ఆవిడ ఒక్కతే ఇల్లు చేరుతుంది. బావ ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసు మెట్ల మీదే కూర్చుని మొత్తం చదివాడు. ఆ ఫిట్టరుకి అక్క నడక పెట్టాడు, అక్క పానా పెట్టాడు, అక్క కోపం పెట్టాడు.

"ఇది నేనేగా?" అంది అక్క రెండో అధ్యాయంలోనే. "బతుకుతుందా?"

"బతుకుతుంది. స్క్రిప్టులోనే ఉంది, నా సొంత కవిత్వం కాదు."

ఆ వారం అక్క అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది. నాకు తెలుసు, రెండు ముద్దలతో ఏమీ అవదు. అయినా నేనూ బావా వంటింట్లో నిలబడి ఆ రెండు ముద్దల గురించే మాట్లాడుకున్నాం.

పుస్తకం మూడొంతులయ్యాక పసుపు కాగితాలొచ్చాయి. ఫిట్టరు లోపల ఉండి వాల్వు మూసేస్తుంది, జంతువుతో పాటు తనూ పోతుంది, కెప్టెను బతుకుతాడు. బావ మేనేజరు దగ్గరికెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఈ ఒక్కదాంట్లో పాతదే ఉంచుదామండీ," అన్నాడు.

"గ్రహాంతరం గారూ, తెర మీద చచ్చినావిడ పుస్తకంలో ఎలా బతుకుతుందండీ?" అన్నాడు మేనేజరు. మంచిగానే అన్నాడు. అందుకే మరీ ఒళ్ళు మండింది నాకు.

బావ రాశాడు. ఫిట్టరు పోయేటప్పుడు పైపుకి నోరు ఆనించి, ఎక్కడో ఇంటి దగ్గరున్న మొగుడితో మాట్లాడుతుంది, మూడు పేజీలు. పెళ్ళైన కొత్తలో అద్దెకున్న గది దగ్గర్నుంచి అన్నీ చెబుతుంది. ప్రూఫులో ఒక్క తప్పు కూడా దొరకలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి రెండోసారి చూడలేకపోయాను.

అప్పటికి నాకు తెలియనిది ఒకటుంది. ఇంట్లో బావ తెల్ల కాగితాల కథే చదువుతున్నాడు. పగలు ఆఫీసు కోసం పసుపు పేజీలు రాసి, సాయంత్రం అక్క కోసం ఫిట్టర్ని బతికిస్తున్నాడు. సినిమా వాయిదా పడిందని, తొందరేమీ లేదని ఆవిడకి చెప్పాడు. ఆ ముక్క నాతో కూడా అని ఉంటే సరిపోయేది. అక్కకి ఎప్పట్లాగే అన్నీ చదివే ఉంటాడని నేననుకున్నాను. ఫిట్టరు చావడం ఆ ఇంట్లో కొత్తా?

బైండరు మొదటి ప్రతి ఇచ్చాడు. తీసుకెళ్ళాను. బావ మందుల షాపుకి వెళ్ళాడు.

"అక్కా, నీ పుస్తకం."

అక్క అంచు మీద వేలు రాసి చూసుకుంది. "సినిమా వాయిదా పడిందన్నారే?"

"వాయిదా ఏంటి, శుక్రవారం విడుదల," అన్నాను. నోరు అక్కడ మూసుకుని ఉంటే సరిపోయేది. "ఈసారి బావ గొప్పగా రాశాడు. ఆ ఫిట్టరు పోయే మూడు పేజీలు దిద్దలేక ఏడుపొచ్చింది నాకు."

అక్క నా వంకే చూసింది. ఊపిరి కోసం ఆగిందనుకున్నాను.

"పోతుందా?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. జీవితమంతా పక్కవాళ్ళ తప్పులు పట్టుకుని బతికినవాణ్ణి, నా తప్పుని వెనక్కి లాక్కోలేక అక్కడ నిలబడ్డాను.

"దిండు కింద పెట్టు. ఇచ్చావని మీ బావకి చెప్పకు," అంది.

బావ వచ్చాడు. నన్ను చూసి సంతోషంగా, "కూర్చో, నువ్వు కూడా విను," అని కాగితాలు తీశాడు. ఫిట్టరు ఓడని మళ్ళించుకుంటోంది. దిండు కింద ఆవిడ చచ్చిపోయి ఉంది, దిండు పైన బతుకుతోంది. మధ్యలో అక్క చెయ్యెత్తి ఆపింది.

"ఆ వాల్వు ఎడమకి తిప్పాలి."

"అవునవును," అని బావ దిద్దుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను బస్సు ఉందని చెప్పి లేచి వచ్చేశాను.

తర్వాతి వారం అక్క పుస్తకం నా చేతికిచ్చింది. "చదివాను. బాగా రాశారు. రెండు తప్పులున్నాయి, దిద్దాను. నీ దగ్గరుంచు."

"చదవడం ఆపెయ్యమని బావతో చెప్పనా?"

"ఎందుకు? ఇంకా రెండు అధ్యాయాలున్నాయి. అది చదువుతున్నంతసేపే ఆయనకి ఊపిరాడుతోంది."

బయటికొచ్చి బస్‌స్టాపులో తెరిచి చూశాను. ఆ మూడు పేజీల మాటల మీద పెన్సిల్‌తో ఏటవాలుగా మూడు గీతలున్నాయి. పక్కన ఫిట్టర్లు నోట్‌బుక్కులో రాసుకునే పొడి అక్షరాలతో రాసి ఉంది: 'గాలి ఉండదు. మాట రాదు.' చివర్లో ఇంకొకటి: 'బయట ఒకరు ఉండాలి.'

ఒక సోమవారం బావ చివరి అధ్యాయం చదివాడు. ఫిట్టరు ఇల్లు చేరి, తలుపు తీసి, చెప్పులు విడిచింది. "హమ్మయ్య," అందట అక్క. మంగళవారం పదకొండు గంటలప్పుడు బావ పక్క గదిలో నలభై మూడో పుస్తకం మొదలుపెట్టి టైపు చేస్తున్నాడు. పైపు సంగతేదో అడగడానికి లేచి వెళ్ళాడు. అప్పటికే అక్క లేదు. పానా మంచం కింద పడి ఉంది.

"కొట్టిందేమో. టైపు మిషను చప్పుడులో వినబడలేదేమో," అన్నాడు నాతో, ఒకే ఒక్కసారి.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మాత్రం ఒకే మాట చెప్పేవాడు. "ఒక్కటే తృప్తి. ఫిట్టరు బతికిందనుకునే పోయింది." ఆ మాట పట్టుకుని రెండు నెలలు ఈడ్చుకొచ్చాడు. నేను పక్కనే కూర్చుని తల ఊపాను.

ఒక ఆదివారం అర సర్దుతూ అడిగాడు. "నలభై రెండోది ఏదోయ్? ఖాళీగా ఉంది."

మర్నాడు గోడౌన్‌లోంచి ఒకటి తెచ్చిచ్చాను. బావ అట్ట కూడా చూడలేదు. అంచు మీద వేలు రాశాడు. "ఇది కోసిన అంచు."

"ఈసారి మొదటిది కుట్టు తప్పిందని బైండరు..." అని మొదలుపెట్టాను. పూర్తి చెయ్యలేకపోయాను. సంచీలోంచి అసలుది తీసి ఇచ్చాను. రెండు నెలలుగా అది ఆ సంచీలోనే తిరుగుతోంది.

పెన్సిల్ గీతల దగ్గర ఆయన ఆగాడు.

"ఎప్పుడిచ్చావు?"

"విడుదలకి నాలుగు రోజుల ముందు."

"అయితే చివరి అధ్యాయాలన్నీ తెలిసే విందా?"

"ఊ."

"ఎడమకి తిప్పాలి అంది."

"ఊ."

తిడితే బాగుండునని కూర్చున్నాను. చెంప మీద కొట్టినా సంతోషించేవాణ్ణి. "మాట రాదని రాసింది. నిజమే, రాదు," అన్నాడు బావ. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి, పెదాలు కదిపి, పుస్తకంతో పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. మిషను చప్పుడు రాలేదు. గంట తర్వాత చేత్తో రాసిన ఒక కాగితం పట్టుకొచ్చాడు.

మూడు పేజీల చోట పది వాక్యాలున్నాయి. ఫిట్టరు ఏమీ మాట్లాడదు. పైపు మీద రెండుసార్లు కొడుతుంది. తలుపు బయట ఒక మనిషి కూర్చుని ఉంటాడు. అతనికి వినబడుతుంది. ఇటునుంచి అతనూ రెండుసార్లు కొడతాడు. లోపల చప్పుడు ఆగేదాకా కొడుతూనే ఉంటాడు.

"రెండో ముద్రణలో ఇది వెయ్యి," అన్నాడు.

ఈ పుస్తకాలకి రెండో ముద్రణ ఉండదని ఆయనకి నేను చెప్పాలా? సినిమా వెళ్ళిపోయి ఏడు వారాలైంది. మిగిలిన ప్రతులు గోడౌన్‌లో కట్టలు కట్టి పడేశారు.

"వేస్తాను బావా," అన్నాను.

ఆయన తల ఊపాడు. అక్క ఊపినట్టే ఊపాడు. అర దగ్గరికెళ్ళి, పెన్సిల్ గీతలున్న పుస్తకాన్ని చివర్లో పెట్టి, దాని పక్కన వేలెడు చోటు ఖాళీగా ఉంచాడు.

"వచ్చాక అంచులు కోయకుండా ఒకటి తీసుకురా," అన్నాడు.

"తెస్తాను," అన్నాను.