సూది మందు సీసాలో మట్టి

మా చిన్నమ్మకు పొగరని, పిలిస్తే పలకదని మా వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఒట్టి మాట. వినబడని మనిషి ఎలా పలుకుతుంది? చెవులు పోవడం పొగరైతే, కళ్లజోళ్లు పెట్టుకున్న మీ అందరిదీ ఏమిటో చెప్పండి.

డెబ్బైల్లో, ఆళ్లగడ్డలో ఆమెకు క్షయ వచ్చింది. ఎనిమిది నెలల కొడుకును బనగానపల్లెలో ఆమె పుట్టింటికి పంపేశారు. సూదులన్నీ అయ్యాకే బిడ్డను తెచ్చేదని మా జేజి, అంటే నాయన తల్లి, చిన్నమ్మకు అత్త, తేల్చి చెప్పింది. రోజూ బడి వదిలాక కాంపౌండరు దగ్గరికి చిన్నమ్మకు తోడు నేను. చిన్న సీసాలో తెల్లటి పొడి. అందులో నీళ్లు కలిపి ఊపేవాడు. పాపం, అడగడం మాత్రం ఏ రోజూ మానలేదు.

"చెవుల్లో ఏమన్నా మోగుతాందా అక్కా? తల తిరుగుతాందా?"

"ఏం ల్యాదన్నా. నువ్వు బేగా ఎయ్."

వీధిలోకి రాగానే నా భుజం పట్టుకునేది. "మే, కీచురాళ్లు నా చెవిలోనే కాపురం పెట్టినాయే."

"వెనక్కి పోయి ఆయప్పకు చెప్దాం పా."

"చెప్తే సూది ఆపుతాడు. ఆపితే పిల్లోడు యాడనుంచి వస్తాడు? నోరు మూసుకొని నడు."

మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్నది అదొక్కసారేనని మా ఆయన అంటాడు.

సూదులు అయిపోయాయి. దగ్గు పోయింది, పిల్లవాడు వచ్చాడు. వెనక ఉయ్యాలలో వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె ఇటు తిరిగి కందులు చెరుగుతూ కూర్చుంది. "ఏం తల్లివే నువ్వు" అంది జేజి. ఆ మాటా వినబడలేదు, నయం.

తరువాత నంద్యాలలో బీఎస్సీ చదివేటప్పుడు, ఎవరి చేలో మట్టి వాళ్లను తెమ్మన్నారు మా లెక్చరర్. చిన్నమ్మ ఆ మందు సీసాలు పారేయలేదు; వాటిలో గోంగూర, మిరప విత్తనాలు దాచుకునేది. ఒకదాంట్లో మా నల్లరేగడి నింపుకుపోయాను. వారం తిరిగేసరికి, ల్యాబులో ఆ మట్టి కలిపిన నీళ్లు పూసిన గాజు పళ్లెంలో సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. మూత తీస్తే తొలివాన వాసన. ఇవి స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు, పక్కనున్న క్రిములను చంపే మందు తయారు చేస్తాయి, క్షయకు వేసే స్ట్రెప్టోమైసిన్ ఈ జాతిలో ఒకదాని నుంచే వచ్చింది అన్నారాయన. ఆ మందుతో కొందరికి చెవి నరాలు దెబ్బతింటాయని కూడా అన్నారు, రాసుకోనక్కర్లేని మాటలాగా. నేను అదొక్కటే రాసుకున్నాను.

ఆ మచ్చల మీద నాకు కోపం రాలేదు. అవి లేకపోతే చిన్నమ్మే లేదు.

సెలవుల్లో ఆమె చెవి దగ్గర అరిచి ఇదంతా చెప్పాను. "మన మట్టిలోదేనా? అట్లయితే పరాయిది కాదులే" అని నవ్వింది. అసలు అడగాల్సింది అడగలేదు. పక్కనే కొడుకు అన్నం తింటున్నాడు. ఇప్పుడు ఆమె లేదు. "ఏం ల్యాదన్నా" అన్న ప్రతిసారీ, వాడు రేపు అమ్మా అని పిలిస్తే తనకు వినబడకపోవచ్చని ఆమెకు తెలుసా?