నేను తీయని టైమర్

ఏడేళ్లుగా ఫోన్ మోగితే ముందు నా చేతులు చల్లబడతాయి. ఆ తర్వాతే ఎవరు చేశారో చూస్తాను. ఉదయం పదకొండు కావస్తుంటే, ఏ పనిలో ఉన్నా, కళ్లు గడియారం మీదకే పోతాయి. ఇంట్లో బీపీ అని చెప్పాను. బీపీ కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు తల దించడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

మాది నల్గొండ వైపు ఒక ఊళ్లో పటేలరికం చేసిన కుటుంబం. భూములు సగం తాత కాలంలోనే పోయాయి. మిగిలినవి నాన్న కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టారు. నేను సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో పెరిగాను. అయినా నాన్న ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. "మన మాటకు సాక్షి అడిగినోడు ఊళ్లె లేడు" అనేవారు. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ మాట ఒక్కటే. దాన్ని నేను ఎక్కడ ఖర్చు పెట్టానో చెప్పాలి.

ఎల్బీనగర్‌లో ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. ఇళ్లలో లైట్లు, ఏసీలు, గేట్లు ఫోన్‌తో నడిచేలా అమరుస్తాం. మన్సూరాబాద్‌లో ప్రసాద్ గారి ఇల్లు మాకు వచ్చింది. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డారు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫర్నిచర్ షాపు. పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. దాని పంపు కొత్త రకం. ఒకే వేగంతో తిరిగేది కాదు, అవసరాన్ని బట్టి నెమ్మదిగానో జోరుగానో తిరుగుతుంది. దాన్ని కూడా ఫోన్‌కు కలపాలన్నారు.

ఇలాంటి పంపును కరెంటు తీసి ఆపరు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది. మేం గోడకు బిగించే కంట్రోల్ పెట్టె నుంచి రెండు సన్నని తీగలు పంపుకు వెళ్తాయి. తిరుగు, ఇంత వేగంతో తిరుగు, ఆగు అనే ఆదేశాలన్నీ వాటి మీదే. అయితే పంపు లోపల దానికంటూ ఒక టైమర్ ఉంటుంది. మా ఆదేశాలు అందకపోతే అది తన టైమర్ ప్రకారం నడుచుకుంటుంది. అందుకే కలిపేటప్పుడు పాత టైమర్ చెరిపేయాలి. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. ఆ రోజు నాకు తెలియదు. అంతకుముందు అలాంటి పంపు నేను కలపలేదు. దానితో వచ్చిన పుస్తకం చదవలేదు. ఎవరినైనా అడగవచ్చు. అడగలేదు.

అడగకుండానే చెప్పినవాడు ఒకడున్నాడు. యాదయ్య. ఆ ఇంటి వాచ్‌మన్, పూల్ చూసుకునేదీ అతనే. భార్య లచ్చమ్మతో పంపు గది పక్క గదిలో ఉండేవాడు. నన్ను చూడగానే చెప్పులు విడిచి నిలబడ్డాడు. మా ఊరివాడు. వాళ్ల నాన్న మా పశువుల కొట్టంలో పని చేశాడు. వయసులో నా కంటే పదేళ్లు పెద్ద. నేను కంపెనీ టీషర్టులో నేల మీద కూర్చుని తీగల చివర్లు ఒలుస్తుంటే అతను "పటేలా" అన్నాడు.

నాతో వచ్చిన శ్రీను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏందన్నా, నువ్వు పటేల్‌వా? మరి ఈ డ్రిల్లింగ్ మిషన్ ఎవరు మోస్తరు?"

నాకు ముఖం మండింది. కానీ ఆ పిలుపు నచ్చింది కూడా. చాలా నచ్చింది.

యాదయ్య వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "పటేలా, దీండ్ల పాత టైం ఒకటి వెట్టి ఉన్నది. పదకొండు గాంగనే అదంతట అదే లేస్తది. అది తీసెయ్యకుంటే మళ్ల..."

శ్రీను చూస్తున్నాడు. నేను తల ఎత్తలేదు. "నాకు నేర్పిస్తున్నవా యాదయ్యా?"

"తప్పైంది పటేలా" అని వెనక్కి జరిగాడు.

ఆ సాయంత్రం ఫోన్‌లో నొక్కితే పంపు తిరిగింది, నొక్కితే ఆగింది. ప్రసాద్ గారు సంతోషించారు. టైమర్ సంగతి నేను మరిచిపోయానా? లేదు. ఇంటికి వచ్చే దారంతా అదే గుర్తుంది. కానీ మర్నాడు వెళ్లి తీస్తే యాదయ్య చెప్పినందుకు తీసినట్టవుతుంది. అంతే. ఇన్నేళ్లలో ఇంతకంటే పెద్ద కారణం ఒకటి దొరుకుతుందేమోనని ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

నెల తిరగకముందే జరిగింది. టైల్స్ రుద్దించాలని ప్రసాద్ గారు షాపు నుంచే ఫోన్‌లో పంపు ఆపారు. యాదయ్య పూల్ ఖాళీ చేసి లోపలికి దిగాడు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. మా పెట్టె తేరుకోలేదు, ఆదేశాలు ఆగిపోయాయి. సరిగ్గా పదకొండుకు పంపు తన పాత టైమర్ ప్రకారం లేచింది. నీళ్లు లేకుండా పూర్తి వేగంతో తిరిగింది. కాలిన వాసన వచ్చాక గానీ యాదయ్యకు తెలియలేదు. పరుగెత్తి స్విచ్ ఆపాడు. మా ఊళ్లలో పొలం మోటరు నీళ్లందక ఎండిపోతే మూత విప్పి చెంబుతో నీళ్లు పోస్తారు. ఆలోచించి చేసే పని కాదు, చేతులకే తెలిసిన పని. అతనూ మోటరును బతికించాలనే మూత తిప్పాడు. లోపల మిగిలిన కాసిన్ని నీళ్లు మరిగిపోయి ఉన్నాయి. ఆవిరితో సహా కుడిచేతి మీదకు ఎగిరాయి.

ప్రసాద్ గారి ఫోన్ అందుకుని నేను వెళ్లేసరికి అతన్ని దవాఖానకు తీసుకుపోయారు. పంపు గదిలో నేనొక్కణ్నే. కరెంటు వేసి, వెంటనే ఆపు బటన్ నొక్కి, పంపు మీది చిన్న తెర చూశాను. పదకొండు గంటలు అని ఉంది. రెండు బటన్లు నొక్కితే చెరిపేయాలా అని అడిగింది. అవునన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు.

సాయంత్రం యాదయ్య చేతికి కట్టుతో వచ్చాక అందరం పెరట్లో నిలబడ్డాం.

"నేను ఫోన్లో ఆపేశాను కదండీ. మరి ఎలా తిరిగిందండీ అది?" అని అడిగారు ప్రసాద్ గారు.

"మా వైపు నుంచి తిరగమని పోలేదు సార్. రికార్డు చూడుండ్రి" అన్నాను. అది నిజమే. ఆ నిజానికి ఇంకో మాట తగిలించాను. "పంపు మీద బటన్ ఎవరన్న నొక్కి ఉండాలె."

లచ్చమ్మ ముందుకొచ్చింది. "ఎవరు నొక్కుతరు సారూ? మా ఆయన గుంతల దిగి గోడ రుద్దుతుండె. ఆడికెంచి బటన్ ఒత్తనీకె ఆయనకేమన్న పది గజాల చేతులున్నయా?"

"నువ్వూకోవే" అన్నాడు యాదయ్య. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. "పటేల్ అన్నడంటే... నా చెయ్యే తగిలినట్టుంది సార్."

"మధ్యలో ఈ పటేల్ ఎవరయ్యా?" అన్నారు ప్రసాద్ గారు.

"ఈ సారే. మా ఊరి పటేల్. ఆళ్ల నోట అబద్ధం రాదు."

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. అతను నా మాట నిజంగా నమ్మాడా? టైమర్ గురించి చెప్పిందే అతను, ఎలా నమ్ముతాడు? లేక అంతా తెలిసే, నలుగురి ముందు నా తల దించడం ఇష్టం లేక, తప్పు తన మీద వేసుకున్నాడా? నమ్మి ఉంటే నేను ఒక మనిషి నమ్మకాన్ని అడ్డం పెట్టుకున్నాను. తెలిసి ఉంటే కాలిన చేత్తో అతను నా పరువు మోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఈ రెండింటిలో ఏది తక్కువ నీచమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మూడు రోజుల్లో ప్రసాద్ గారు వాళ్ల చేత ఆ గది ఖాళీ చేయించారు. లచ్చమ్మ ఆటోలో సామాను సర్దుతుంటే నేను గేటు బయట ఏదో సరిచేస్తున్నట్టు నిలబడ్డాను. సరిచేయడానికి అక్కడ ఏమీ లేదు.

పోయిన నెల హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్ గేటు దగ్గర అతను కనిపించాడు. బండ్లు నిలిపే చోటు చూపించే పని. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "బాగున్నరా పటేలా?" అన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. కూర్చో అన్నాను. కూర్చోలేదు. మోటర్ల పని ఎవరూ ఇస్తలేరని మాత్రం అన్నాడు, ఫిర్యాదులా కాదు, వాన లేదన్నట్టు.

పోయిన వారం ప్రసాద్ గారింటికి సర్వీసుకు వెళ్లాను. పక్కింటివాళ్లు కొత్తగా పూల్ కట్టించుకుని, చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతున్నారు. ఉండటానికి గది కూడా ఇస్తారట. ఎవరో చెప్పగా యాదయ్య పేరు వాళ్లదాకా వెళ్లింది. ప్రసాద్ గారి గేటు దగ్గరకు వచ్చి అడిగారు. ప్రసాద్ గారు "వద్దండీ, వాడు మిషన్లు కెలుకుతాడు" అన్నారు. నా వైపు తిరిగి "మీకు తెలుసుగా" అన్నారు. నేను తల ఊపాను.

ఏడేళ్ల కిందట చేసింది భయంతో చేశానని చెప్పుకోవచ్చు. ఈ తల ఊపడాన్ని ఏమని చెప్పుకోను? ఇప్పుడు నన్ను ఎవరూ అనుమానించలేదు. ఎవరూ సాక్ష్యం అడగలేదు. అయినా ఊపాను.

ఇంతవరకు రాసి ఆపాను. లేచి మంచినీళ్లు తాగాను. ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన హలో అన్నాక మాటలు పేర్చుకోకుండా చెప్పేశాను. ఆ రోజు యాదయ్య పంపును ముట్టుకోలేదు సార్. టైమర్ తీయకుండా వదిలింది నేను. మీరు చూడకముందే చెరిపేసింది కూడా నేనే. తీయాలని నాకు ముందే చెప్పింది యాదయ్య. పక్కింటివాళ్లకు ఈ మాట చెప్పండి.

అటువైపు షాపులో ఎవరో సోఫా మీది ప్లాస్టిక్ కవరు చింపుతున్న చప్పుడు. తర్వాత ఫోన్ కట్ అయింది.

ఆయన పక్కింటివాళ్లకు చెబుతారో లేదో తెలియదు. మా సంస్థకు మాత్రం తప్పకుండా చెబుతారు. హయత్‌నగర్ వెళ్లి యాదయ్య ముఖం చూసి ఇదే మాట అనగలనా? ఇంకా తెలియదు. కానీ ఆ మాట ఇప్పుడు నా ఒక్కడి దగ్గర లేదు.