కోడలిని ఇంగ్లీషులో అడిగిన మాట

నిన్న ఆదివారం నర్సీపట్నం బస్సుల కాంప్లెక్సులో ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, ఆ బస్సు చింతపల్లిదేనా అని అడిగింది. బోర్డు చూసి అవునన్నాను. అన్నానో లేదో అనుమానమొచ్చింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చినదాన్ని, తప్పు చదివి ఆమెను ఇంకో ఊరికి పంపేస్తున్నానేమోనని మళ్ళీ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఈ కంగారు నాకు చదువుతోపాటే అబ్బింది.

నాకు అక్షరాలు దిద్దించింది మా కోడలు. కాలేజీ పిల్లలకు మా వరండాలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. నేనో మూల కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ వినేదాన్ని. ఒకరోజు పాఠం భలే ఉంది. మనిషి పైకి ఒకటి అని లోపల ఇంకొకటి ఉంచుకుంటే, అది ఏమై ఉంటుందో ఊహించి చెప్పాలి. చుట్టం వచ్చి మీ ఊళ్ళో ఉక్క ఎక్కువే అన్నాడనుకోండి. ‘మే బీ హీ మీన్స్’ అని మొదలుపెట్టి, ఫ్యాను వెయ్యమంటున్నాడని ముగించాలి. ‘ఐ గెస్’, ‘ఇట్ సౌండ్స్ లైక్’ కూడా అలాంటివేనట. ఒక పిల్ల లేచి, మా మేనత్త వచ్చినప్పుడల్లా నేను చిక్కిపోయానంటుంది, మే బీ షీ మీన్స్ మా అమ్మ తిండి పెట్టట్లేదని, అంది. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. చలి మొదలయ్యేసరికి కోడలు నా చదువు మీద పడింది. అంతవరకూ తీరికున్నప్పుడు దిద్దించేది కాస్తా, అన్నం వారుస్తూ కూడా గుణింతాలు అడిగేది. “బేగి నేర్సుకోండి అత్తయ్యా,” అనేది. ఎందుకో చెప్పేది కాదు. మందుల పేర్లు చదివించింది. గ్యాసుకి ఫోను నాచేతే చేయించింది. తనకు ఫోనొస్తే మాత్రం పెరట్లోకి వెళ్ళి మాట్లాడేది. మా అబ్బాయి వ్యాను తోలుతూ సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. వాణ్ణి అడిగితే, నాకేటి తెలుసు, నువ్వే అడుగు అనేశాడు. వేరు పోతారేమో అనుకున్నాను. నా మీద విసుగెత్తి నాతవరంలో పుట్టింటికి వెళ్ళిపోతుందేమో అని కూడా అనుకున్నాను. తీసిన పిక్కల్ని మళ్ళీ పండులోనే పడేసేదాన్ని.

అడుగుదామంటే నోరు రాదు. ‘ఎలిపోతావు కాబోలు’ అని అత్త అంటే అడిగినట్టుండదు, పొడిచినట్టుంటుంది. మా అత్తగారి కాబోలులు నాకింకా గుర్తే. చివరికొక పొద్దున పిల్లలు వెళ్ళాక, చింతపండు తట్ట పక్కకి నెట్టి, వాళ్ళ పాఠాన్నే అందుకున్నాను.

“మే బీ యూ మీన్... నన్నొగ్గీసి ఎలిపోతావేటమ్మా?”

ముందు నవ్వింది. తర్వాత నా పక్కన కూలబడి, తల వంచుకుని ఒక పిక్క తీసింది. చింతపల్లిలో ఆడపిల్లల హాస్టలు స్కూల్లో ఉద్యోగం వచ్చిందట. అక్కడే ఉండాలట. నేనేమంటానోనని, రోజూ నా ముఖం చూసి రేపు చెబుదామనుకునేదట.

“మరి నాకీ సదువెందుకే?”

“బోర్డు సదూకుని మీరు రావాలి గదా అత్తయ్యా. పెతీ ఆదివారం ఎవర్ని తోడడుగుతారు?”

నిన్న ఆ ముసలామె వెనకే నేనూ ఎక్కాను. పోయిన వారం కోడలు, ఘాటు రోడ్డు మీద మంచు బాగా పడుతోంది అత్తయ్యా అంది. రావద్దనో, స్వెట్టరు తెచ్చుకోమనో దారంతా తేల్చుకోలేకపోయాను. స్వెట్టరైతే వేసుకునే వెళ్ళాను. కాలం కూడా మా కోడలిలాంటిదే. బేగి బేగి అని తొందరపెడుతుంది, ఎందుకో మాత్రం ముందుగా చెప్పదు.