మొక్కుకున్న జుట్టు, మా పెద్ద సిస్టరమ్మ

పోయిన గురువారం మా ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన పెద్ద సిస్టరమ్మ చిత్తూరులో తన ఇంట్లో కన్నుమూశారు. సంతాప సభలో అందరూ ఆమె కోపం గురించీ, నలగని తెల్లచీర గురించీ చెప్పారు. నేను మాట్లాడడానికి లేవలేకపోయాను. నా తప్పు చెప్పకుండా ఆమె గొప్పతనం చెప్పలేను. అందుకే ఇప్పుడు రాయాల్సి వచ్చింది.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. తిరుపతిలో నర్సుగా చేరిన కొత్తలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఒకరోజు నగరి నుంచి ఎనిమిదేళ్ళ పాపను తెచ్చారు. తలలో గడ్డ. ఆపరేషన్ ఆలస్యమైతే చూపు దక్కదన్నారు పెద్ద డాక్టరు. జుట్టు తీయాలనగానే తల్లి ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయనంది.

“కొండకు మొక్కుకున్న జుట్టమ్మా. ఈడ తీస్తే సామికి ఏమిచ్చేది?”

“బిడ్డ కావాల్నా, జుట్టు కావాల్నా?” అన్నాను. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

“మత్తిచ్చినాక తీసేద్దాం, తర్వాత చెప్పుకుందాం” అన్నాడు ఒక కుర్ర డాక్టరు.

“నమ్మి తెచ్చిన బిడ్డ దగ్గర దొంగతనమా సారూ?” అన్నారు పెద్ద సిస్టరమ్మ. తర్వాత నన్ను చూసి, “ఏమ్మే, నాలుగు పుస్తకాలు సదివితే ఎదుటోళ్ళ దేవుడు చిన్నోడైపోతాడా?”

పెద్ద డాక్టరు దగ్గరికి పోయి ఎంత మేర తీయాలో అడిగి వచ్చారు. తల్లి పక్కన నేలమీదే కూర్చున్నారు.

“చెవి ఎనక అరచెయ్యంత చాలంట. మిగిలిందంతా సామిదే. తీసింది గూడా పసుపు గుడ్డలో కట్టిస్తా, కొండకు నువ్వే తీసకపో.”

తల్లి గోడవైపు నుంచి ఇటు తిరిగింది. “మొదటి కత్తెర నేనెయ్యొచ్చునా?”

“నువ్వే ఎయ్యల్ల.”

వేలిముద్ర వేయించేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నది నేనే. మా అమ్మ చెయ్యిలాగే కాయలు కాసి ఉంది.

పాప చూపు దక్కింది. మూడు నెలలకు గుండుతో, గంధంతో వార్డుకు వచ్చింది. పెద్ద సిస్టరమ్మ అద్దాలు సవరించుకుని, గంధం చెరగకుండా కుట్ల మచ్చను వేలికొసతో తడిమి చూశారు.

రంజాన్ నెలలో ఉపవాసముండే రోగులను అడిగి, డాక్టరుతో మాట్లాడి మాత్రల వేళలు మార్పించేది కూడా ఆమే. “వైద్యం మనది, ఒళ్ళు వాళ్ళది” అనేవారు. ఆమె చేతికింద పని నేర్చుకున్నానని గర్వంగా చెప్పుకుంటాను.

మా అడ్మిషన్ కాగితంలో మతం అని ఒక గడి ఉంది. దాని కింద ‘మొక్కులు, ఉపవాసాలు, కూడదనుకునేవి ఏమైనా ఉన్నాయా?’ అన్న ప్రశ్న చేర్చమని ఆసుపత్రి వాళ్ళకు అర్జీ పెడుతున్నాను. ఆమె శిష్యులారా, రోగిని అలా అడిగినందువల్ల మేలు జరిగిన సంగతి మీకొకటైనా తెలిసి ఉంటుంది. మీరు తప్పు చేసిందైనా సరే, రాసి ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నాకు పంపండి, అర్జీకి జత చేస్తాను.