మా అక్క బడిలో ఏడ్చింది

నేను మాచర్ల హైస్కూల్లో ఏడో తరగతి చదువుతున్నప్పుడు మా నాయనమ్మ చనిపోయింది. అక్క అదే బడిలో పదో తరగతి. మేము సుగాలీలం. మా తండా నుంచి హైస్కూలు దాకా వచ్చిన ఆడపిల్లలం మేమిద్దరమే. అక్క పది పాసై టీచరు ట్రైనింగుకు వెళ్ళాలని నాన్న ఆశ. నాకైతే అక్క అప్పటికే టీచరు. లెక్క తప్పితే మొట్టికాయ వేసే హక్కు కూడా తీసేసుకుంది.

ఆ చావు కబురు చెప్పడానికి అమ్మ బస్సెక్కి బడికి వచ్చింది. అద్దాల రవికె చూడగానే అక్క తరగతిలోంచి పరుగెత్తింది. మాలో మనిషి పోతే ఆడవాళ్ళు ఎదురుపడగానే ఒకరి మెడ ఒకరు వాటేసుకుని, పోయినవాళ్ళ మంచీ చెడ్డా తలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. ఏడవకుండా మాటల్లో పడితే పోయిన మనిషిని లెక్కచేయనట్టే. అందుకే అమ్మ, అక్క వరండాలోనే మొదలుపెట్టారు. నేనూ వెళ్ళి అమ్మ నడుము పట్టుకున్నాను.

కిటికీల్లోంచి పిల్లలు నవ్వారు. కొందరు ఆ రాగాన్ని వెక్కిరించారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం విసవిసా వచ్చి, పాటలు పాడుకోవడానికి ఇది మీ తండా కాదన్నారు. అమ్మను గేటు బయటికి పంపి, అక్కను బడి వదిలేదాకా ఎండలో నిలబెట్టారు. చావు ఇంటికి మేము చీకటి పడ్డాక చేరాం. అప్పటికి నాయనమ్మను మట్టి చేసేశారు.

అంతకు కొద్ది రోజుల ముందే అక్క తరగతిలో ఒక షావుకారు గారమ్మాయి, తాత పోయాడని వెక్కి వెక్కి ఏడ్చింది. అదే హెడ్మిస్ట్రెస్ గారు ఆ పిల్ల తల నిమిరి, మంచినీళ్ళు తాగించి, ఆయాను తోడిచ్చి రిక్షాలో ఇంటికి పంపారు. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ చెయ్యి మా అక్క తల దాకా ఎందుకు రాలేదని మాత్రం ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మేము తిరిగి బడికి వెళ్ళాక, ప్రార్థనలో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటేనే అక్కను క్లాసులోకి రానిస్తామన్నారు. తెలుగు టీచరు ఒక్కరే, అది వాళ్ళ ఆచారమండీ అని చెప్పబోయారు. ఆచారాలు ఇంటి దగ్గర పెట్టుకోవాలని హెడ్మిస్ట్రెస్ గారు ఆవిడ నోరు మూయించారు. అక్క ముందుకు వెళ్ళి నిలబడింది.

"మా నాయనమ్మ కోసం ఏడ్చాను మేడం. అది తప్పని నేను చెప్పను."

పొగరన్నారు. టీసీ చేతిలో పెట్టారు. నాన్న తలపాగా తీసి బతిమాలినా వినలేదు. పబ్లిక్ పరీక్షల ఏడు మధ్యలో వేరే బడివాళ్ళూ చేర్చుకోలేదు. పరీక్షల వేళకు అక్క మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతోంది. సాయంత్రం నా పుస్తకాలు తెరిచి చూసేది. తన పుస్తకాల జోలికి వెళ్ళేది కాదు.

నేను తొమ్మిదిలో ఉండగా అమ్మ మళ్ళీ బడికి వచ్చింది. ఈసారి గేటు లోపలికి అడుగు పెట్టలేదు. నన్ను పిలిపించి, మా భాషలోనే, గుసగుసగా చెప్పింది.

"మీ నాయన పోయాడే."

నేను చేతులు చాపాను. అమ్మ వెనక్కి జరిగింది.

"ఈడ ఏడవమాకే. నీ పేరు గూడా కొట్టేస్తారు. పోయి సెలవడిగి రా."

నేను పంపు దగ్గర ముఖం కడుక్కుని ఆఫీసు గదిలోకి వెళ్ళి సెలవడిగాను. హెడ్మిస్ట్రెస్ గారు వెంటనే ఇచ్చారు. పక్కనున్న టీచర్లతో, తండ్రి పోయినా ఈ పిల్ల ఎంత పద్ధతిగా ఉందో చూడండి, చెబితే వీళ్ళూ నేర్చుకుంటారు అన్నారు.

ఆ బడిలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. థాంక్యూ మేడం అని చెప్పి బయటికి వచ్చాను.