స్వామికిచ్చిన పెరుగు

మా హాస్టల్లో పెరుగు ఎక్కువగా ఖర్చయ్యేది మొహాలకే. ఆదివారం వచ్చిందంటే చాలు, కంచంలో వడ్డించిన పెరుగును పిల్లలు గదులకు మోసుకుపోతారు. శనగపిండి కలిపి చెంపలకు పూసుకునేది ఒకతి, మెంతులు రుబ్బి తలకు పట్టించేది ఇంకొకతి. పొద్దున కాచిన పాలు పోస్తే సగం గ్లాసులు మీగడ కట్టి అట్లాగే ఉండిపోతాయి. పాలు తాగితే లావైపోతారట, మొటిమలొస్తాయట, వాసన పడదట. టీ మాత్రం ఎన్నిసార్లు పోసినా వద్దనరు. అనంతపురంలో ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా నేను నోరు నొప్పి పుట్టేదాకా తిడుతూనే ఉంటాను.

"నోట్లోకి పోవాల్సింది మూతికి పూస్తారేమే? ముప్పై ఏండ్లకే మోకాళ్ళు పట్టుకొని మూలుగుతారు, చూస్తాండండి!"

"సరే మేడమ్" అని నవ్వి పోతారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ప్రసూన కూడా పెరుగు తినేది కాదు. మొదట్లో ఆ పిల్లనూ నేను ఆ గుంపులోనే జమకట్టాను. నల్లమాడ దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి బయ్యన్న వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి. శెనక్కాయ పంట వానను నమ్ముకొని ఒక ఏడు పండితే రెండేళ్ళు ఎండుతుంది. ఇంటిని నిలబెట్టింది తల్లి బయమ్మ మేపే బర్రెలు. ఆ పాలు పొద్దున, సాయంత్రం ఊళ్ళోని పాలకేంద్రానికి పోతాయి. ఆ ఇంట్లో నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి పిల్ల ప్రసూన. పోలీసు కానిస్టేబుల్ కావాలని ఆమె కోరిక. తెల్లవారకముందే లేచి, బూట్ల తాళ్ళు బిగించుకొని, మైదానానికి పరుగెత్తేది.

భోజనాల దగ్గర మాత్రం తన వంతు పెరుగు పక్కనున్న హేమావతి కంచంలో వేసేసేది. హేమావతి ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. ఒకరోజు నేను ప్రసూనను పట్టుకొని దులిపేస్తుంటే హేమావతి అడ్డం వచ్చింది.

"ఆయమ్మి కావాలని ఇడిసిపెట్టలేదు మేడమ్. వాళ్ళమ్మ మొక్కుకున్నాది."

నాకప్పుడు అర్థమైంది. మా వైపు ఉన్న ఆచారమే ఇది. గట్టి కోరిక ఉన్నప్పుడు ప్రాణానికి ఇష్టమైన తిండి ఒకటి స్వామికిచ్చేస్తారు. కోరిక తీరేదాకా దాన్ని నోట పెట్టరు. ఇందులోనూ గడుసువాళ్ళు ఉంటారు. మా మేనత్త జన్మలో ముట్టని కాకరకాయను స్వామికిచ్చి, ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళు చేయించుకుంది. బయమ్మ అట్లాంటి మనిషి కాదు. ప్రసూన చిన్నప్పటి నుంచి పెరుగు లేనిదే ముద్ద దిగని పిల్లట. మీగడ కోసం పాలగిన్నె చుట్టూ తిరిగేదట. ఇంటర్ అయిపోగానే తల్లి ఆమెను కదిరి నరసింహస్వామి ముందు నిలబెట్టి, "నా బిడ్డ పోలీసయ్యేదాకా దాని పాలు, పెరుగు, మజ్జిగ నీవే స్వామీ" అనింది. ఆ రోజు నుంచి ప్రసూన చుక్క ముట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. పోనీ ఇంట్లోనే ఉండి ఉంటే రాగిసంగటి అయినా ఎముకలకు ఇంత సత్తువ ఇచ్చేది. ఇక్కడ పూటపూటకూ తెల్లన్నం, నీళ్ళచారు. దాని మీద ఆ పరుగు. అయినా దేవుడి పేరు చెప్పాక మన నోరు ఎట్లా లేస్తుంది? ఆమె వరకు వారానికి రెండు రోజులు సంగటి చేయించాను. కొత్తలో ఊరిమీద బెంగ తీరినట్టు తిన్నది. మిగతా పిల్లలు చూసి నవ్వితే అదీ మానేసింది.

మూడో ఏడు ప్రసూన రాతపరీక్ష పాసయింది. హాస్టలంతా కేకలు. ఇక మిగిలింది పరుగు, లాంగ్‌జంప్ పరీక్షలే. వాటిలో ఆమెను మించినవాళ్ళు లేరని అందరికీ తెలుసు. అప్పుడే కుంటడం మొదలుపెట్టింది. మోకాలి కింద ముందు ఎముక నొప్పి అనేది. బామ్ పూసుకొని, గుడ్డ బిగించి కట్టుకొని, మళ్ళీ మైదానానికే పోయేది. చివరికి మెట్లు దిగలేక గోడ పట్టుకొని నిలబడితే నేనే ఆటో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, రక్తం పరీక్ష చేయించింది. కాలి ఎముకకు సన్నని పగులు పట్టింది.

"పరుగు ఎక్కువై వచ్చిందే. కానీ ఎముకలో బలముంటే ఇంత తొందరగా రాదు. కాల్షియం శానా తక్కువుండాది. పాలు, పెరుగు తీసుకుంటాండావా?"

ప్రసూన తల దించుకుంది. నేను చెప్పాను. డాక్టరమ్మ మందుల చీటీ ముందుకు లాక్కుంది. రోజూ పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు తినమంది. మాత్రలు రాసింది. కొన్ని నెలలు పరుగు మాట ఎత్తొద్దంది. పరిగెత్తితే ఆ పగులు దగ్గర ఎముక విరిగిపోతుందని గట్టిగా చెప్పింది.

పరుగు పరీక్షకు నెలరోజులు కూడా లేదు. ఈసారి తప్పితే మళ్ళీ ఉద్యోగాలు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. మాత్రలు మాత్రం మొక్కులో లేవని ప్రసూన బుద్ధిగా మింగింది. పాలు మాత్రం ముట్టలేదు. నేను తిట్టాను, బతిమాలాను, చివరికి వాళ్ళమ్మకు ఫోన్ చేశాను.

బయమ్మ నేరుగా రాలేదు. ముందు కదిరికి పోయి, స్వామి ముందు తప్పు చెప్పుకొని, మొక్కు విడిపించమని వేడుకొని వచ్చింది. చేతిలో స్టీలు క్యాను. ఆ పూట పాలకేంద్రానికి పోయకుండా తోడుపెట్టిన గడ్డపెరుగు. మూత తీస్తే గదంతా కమ్మటి వాసన. ఆమె కూతురి పక్కన కూలబడి, పెరుగన్నం కలిపి ముద్ద చేతిలో పట్టుకుంది.

"తినమ్మా. స్వామికి చెప్పుకొని వచ్చినా. ఏం కాదు."

ప్రసూన మొహం పక్కకు తిప్పుకుంది. "వద్దుమా."

"నేనే మొక్కినా, నేనే ఇడిపిస్తాండా. తిను."

"ఇన్నేండ్లు ఆపుకున్నా మా. ఇప్పుడు ఇంత దగ్గరికొచ్చి తిని, ఆడ పోయి పడితే? మొక్కు తప్పినాది, అందుకే పోయిందంటారు ఊర్లో. నువ్వు పైకి అనవు. లోపల అనుకుంటావు. ఉద్యోగం వచ్చినాక క్యానంతా తింటా."

బయమ్మ కాదనలేదు. అదే నాకు ఇప్పటికీ మంట. కాదు, నేను అనుకోను అని ఒక్క మాట అనుంటే ఆ పిల్ల తినేదేమో. కానీ ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ముద్దను మళ్ళీ గిన్నెలో పెట్టింది. ఆ పెరుగు హేమావతి, ఇంకో నలుగురు తిన్నారు.

పరుగెత్తొద్దన్న డాక్టరమ్మ మాట ఎంత గుర్తుచేసినా ప్రసూన వినలేదు. పరుగు రోజు నేను, బయమ్మ కంచె బయట నిలబడ్డాం. పొద్దునే ఎండ పేలిపోతోంది. తాగడానికి తెచ్చిన నీళ్ళ సీసా నా చేతిలోనే వేడెక్కింది. మొదటి చుట్టు ప్రసూన అందరికంటే ముందుంది. రెండో చుట్టులోనూ ముందుంది. బయమ్మ కంచె తీగను రెండు చేతులతో పట్టుకొని "స్వామీ, స్వామీ" అంటూనే ఉంది. ఆ తర్వాతి మలుపులో పిల్ల కాలు మడతపడింది. పడింది, లేచింది, ఒంటికాలి మీద కొంత దూరం గెంతింది, మళ్ళీ పడింది. వెనక వచ్చినవాళ్ళు ఆమెను దాటుకొని పోయారు. ఆమె అరిచిన అరుపు మాదాకా వినబడింది. నొప్పికి అరిచిందో, వాళ్ళు దాటిపోయినందుకు అరిచిందో చెప్పలేను.

ఆస్పత్రిలో ఎముకకు కమ్మీ వేశారు. వరండాలో బయమ్మ గోడకానుకొని కూర్చుంది. అడగకూడదని తెలిసీ అడిగాను. నా నోరంతే.

"ఏమ్మా, ఇచ్చేది ఉంటే నీకిష్టమైంది ఇయ్యకూడదా స్వామికి? పిల్ల నోటి కూడే కావాల్నా?"

ఆమెకు కోపం రాలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకిష్టమైంది ఏముండాది మేడమ్, ఇడిసేదానికి? ఉన్నింది తింటా, లేకుంటే నీళ్ళు తాగి పండుకుంటా. నా నోరు ఎప్పుడూ ఇది కావల్లని అడగలేదు. నాకిష్టమైందంటే ఆ పాప ఒక్కతే. దాన్ని ఇయ్యలేక, దాని పెరుగు ఇచ్చినా."

నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నేను భోజనం క్యారియర్ తీసుకొని పోయేసరికి ప్రసూన మంచం మీద పైకప్పు చూస్తూ పడుకొని ఉంది. తల్లి అన్నంలో పప్పు కలుపుతోంది.

"పప్పొద్దు. పెరుగు ఉండాదా?" అని అడిగింది ప్రసూన.

బయమ్మ చెయ్యి ఆగిపోయింది. "మొక్కు..."

"ఆయప్ప ఇయ్యనన్నాడు కదమ్మా. ఇంగ నాది ఆయప్ప కాడ ఎందుకు?"

బయమ్మ గభాలున లెంపలు వేసుకుంది. నేను ఆస్పత్రి ఎదురుగా ఉన్న దుకాణానికి పోయి పెరుగు ప్యాకెట్టు తెచ్చి, అన్నంలో వేసి, ఉప్పు రాల్చి ఇచ్చాను. ప్రసూన తనే కలుపుకుంది. మొదటి ముద్దకు కళ్ళు మూసుకుంది. తర్వాత ఆగకుండా తిన్నది. వారాల తరబడి ఒక్క ముద్ద తినమ్మా అని ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసినదాన్ని నేనే. ఇప్పుడు చాలమ్మా, ఆపు అనాలనిపించింది. ఉద్యోగం మీద ఆశ ఒక్కొక్క ముద్దగా వదిలేస్తోందని నాకూ తెలుసు, వాళ్ళమ్మకూ తెలుసు. బయమ్మ కొంగు నోట్లో కుక్కుకొని కిటికీ వైపు తిరిగింది.

కంచం ఖాళీ చేసి ప్రసూన నా వైపు చూసింది.

"ఇంగ రవ్వంత ఉండాదా మేడమ్?"

ప్యాకెట్లో మిగిలినదంతా ఆమె కంచంలో పిండాను.