పదిహేడు సార్లు అడిగిన నీళ్లు

1956 ఆగస్టు, ఒక మంగళవారం. వంశధార పొంగి ఉంది, రేవులో పడవ లేదు, మిషను ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. ఇవతల మా ఇంట్లో, నలభై నాలుగో ఏట దేవుడు నాకిచ్చిన ఒక్కగానొక్క కూతురు రూతు, ఆరేళ్లది, తెల్లవారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలతో చాప మీద పడి ఉంది. సహోదరులారా, నేను అప్పటికి ఇరవై రెండేళ్లు నర్సుగా పని చేసినదాన్ని, అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీసి ఏ గంటకు ఏమైందో అంతా రాశాను, పక్కన ఇంకో గడి గీసి పైన ‘నీళ్లు అడిగింది’ అని రాశాను. సాయంత్రం నాలుగింటికి ఆ గడిలో పదిహేడు గీతలున్నాయి. పద్దెనిమిదో గీత లేదు.

మన వైపు వాంతులు పట్టుకుంటే నోరు కడతారు, చుక్క నీరు ఇవ్వరు, మీకందరికీ తెలుసు. పొద్దున్న మా అత్తగారు ఆ మాటే అంది. పాతిపెట్టిన రోజున ఎవరో ‘ముసల్ది నీల్లియ్యనీలేదట’ అన్నారు, నేను విన్నాను, ఏమీ అనలేదు. ఆమె ఇంకా నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ ఈ మందిరంలో చివరి చాప మీద ఒక్కతే కూర్చుంది, నా మీద ఒక్క మాట చెప్పలేదు. నేను నర్సు తెల్లచీర పెట్టెలో పెట్టేసి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. మోకాళ్లూనితే మాట వచ్చేది కాదు. పన్నెండేళ్లు, సహోదరులారా, మీతో కలిసి ‘ఆమేన్’ అన్నానే గాని ఒక్క ప్రార్థనా చేయలేదు.

పోయిన ఏడాది, 1968లో, దేశదేశాలు తిరుగుతున్న కలరా మన సముద్రపొడ్డుకూ వచ్చింది. పని మానేసిన నర్సులెవరున్నా రమ్మని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. నాకు అరవై రెండేళ్లు. సేవ చేద్దామని వెళ్లానని మీరందరూ మెచ్చుకున్నారు. కాదు. ఆ రోగం నాకూ తగిలితే బాగుండునని వెళ్లాను.

భావనపాడు దాటాక ఒక చేపల పల్లెలో, వలలు పెట్టుకునే పాకలో మా శిబిరం. అయిదు రోజుల్లో తొమ్మిది మంది నా చేతుల్లో పోయారు. నాకు రోగం రాలేదు. ఆరో రోజు పొద్దున్న సెలైను సీసాలు అయిపోయాయి. డాక్టరుగారు టెక్కలి వెళ్తూ, మరిగించి చల్లార్చిన గంజిలో ఉప్పు వేసి చెంచాతో పొయ్యమన్నారు, కక్కినా సరే మళ్లీ పొయ్యమన్నారు.

ఆయన వెళ్లగానే ఒక ముసలమ్మ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. ఏడేళ్ల పిల్ల, కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది, ‘నీల్లు’ అంటోంది. నేను గంజి తెచ్చేసరికి ముసలమ్మ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“కక్కుతన్న పిల్లకి పోత్తావేటి నర్సమ్మా? నీ కడుపున పుట్టిందయితే పోత్తువా?”

నా చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ల తర్వాత అప్పుడు ప్రార్థించాను, ‘ప్రభువా, ఈ పిల్లను నా అబద్ధానికి బలి చెయ్యకు’ అని, అంతే, ఇంకో మాట రాలేదు. అప్పుడు నా నోరు తెరుచుకుంది.

“నా పిల్లకి పొయ్యలేదమ్మా. పదిహేడుసార్లు అడిగింది. మాయత్త మనసుండలేక గలాసుతో నీల్లు అట్టుకొచ్చింది. నానే వద్దన్నాను. నర్సుని గదా, నాకు తెలుసన్నాను. పిల్ల పోయింది.”

ముసలమ్మ నా చేతిలోని చెంచా లాక్కుని తనే పొయ్యడం మొదలుపెట్టింది.

పిల్ల కక్కింది. మళ్లీ పోసింది. మళ్లీ కక్కింది, మళ్లీ పోసింది. పక్కన కూర్చుని, పోసినప్పుడల్లా ఒక గీత గీశాను. పదిహేడు దాటినప్పుడు కన్నీళ్లకు నాకు గీతలు కనబడలేదు. మరునాడు మధ్యాహ్నం పిల్లకు మూత్రం వచ్చింది. కలరా రోగి బతుకుతాడని నర్సుకు తెలిసేది దాంతోనే. నేను ఏడుస్తుంటే ముసలమ్మ, “ఉచ్చ పోసిందని ఏడుత్తారేటే ఎవురైనా!” అని నవ్వింది.

దేవునికే మహిమ. అయినా నా రూతు లేదు. ఆ తొమ్మిది మందీ లేరు. ఆ దుఃఖం దేవుడు తీసేయలేదు, తీసేశాడని చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. అబద్ధాన్ని మాత్రం తీసేశాడు.

మా అత్తగారి పేరు సలోమి. ఆమె నీళ్లు తెచ్చింది. ఆ మాట ఆమె బతికుండగా చెప్పాల్సింది, ఈ రోజు చెబుతున్నాను. మీలో ఎవరి గొంతులోనైనా ఇలాంటి మాట అడ్డుపడి ఉంటే, ప్రభువు దగ్గరకు రండి, ఆయనకు ముందే తెలుసు, భయపడకండి. నాకు పన్నెండేళ్లు పట్టింది, మీరు అంతకాలం ఆగకండి. ఆరాధన అయ్యాక సలోమమ్మ సమాధి దగ్గరకు వెళ్తున్నాను, నీళ్లు తీసుకుని. ఆమె నీళ్లియ్యనీలేదని అన్నవారుంటే నాతో రండి. మొదటి తప్పు నాదే గనుక ముందు నేను నడుస్తాను.